ఒక్కసారి పక్కన కూర్చుని విన్నారా?

రెండో తరగతి స్థాయి తెలుగు కథ ఒకటి. ఎనిమిదో పదో వాక్యాలు, చిన్న చిన్న మాటలు. 2022లో ప్రథమ్ సంస్థ ‘అసర్’ సర్వే కోసం తెలంగాణ పల్లెల్లో మూడో తరగతి పిల్లల చేతికి అలాంటి కథ ఇచ్చి చదవమంటే, చదవగలిగిన వాళ్ళు 5.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 10.3 శాతం. నాలుగేళ్ళ ముందు, 2018లో, తెలంగాణలో 18.1, ఆంధ్రలో 22.6 ఉండేది. అదీ గొప్పేం కాదు. ఇవి సర్కారు బడి పిల్లల లెక్కలే కదా అని ఎవరూ ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. ఫీజు కట్టి, టై కట్టి, బస్సెక్కించి పంపే ప్రైవేటు బడి పిల్లలూ ఇందులో ఉన్నారు.

నూటికి దాదాపు తొంభై నుంచి తొంభై అయిదు మంది పిల్లలకి ఆ కథ చదవడం రావట్లేదని తేలితే ఏం జరగాలి? ఊళ్ళు అట్టుడికిపోవాలి. ఏమీ జరగలేదు. పత్రికల్లో ఒకరోజు వార్త వచ్చింది, మర్నాడు పోయింది. కరెంటు రెండు గంటలు పోతే సబ్‌స్టేషన్ ముందు బైఠాయిస్తాం. మిర్చి ధర పడితే యార్డు ముందు రోడ్డెక్కుతాం. పిల్లకి చదవడం రావట్లేదంటే మాత్రం, ‘ఇంకా చిన్నదే కదా, అదే వస్తుందిలే’ అని పక్కకి తిరిగి పడుకుంటాం. అదే రాదు. ఇరవై ఏళ్ళకు పైగా ప్రాథమిక బడిలో పలకలు దిద్దిస్తున్న దాన్ని, నాకు తెలుసు. మూడో తరగతి దాటేలోపు చదవడం రాని పిల్లకి ఆ తర్వాత అదంతట అదే రావడం చాలా అరుదు. అయిదులో సైన్సు అర్థం కాదు, ఏడులో సోషల్ అర్థం కాదు, తొమ్మిదికి బడి మానేస్తుంది. అప్పుడు ‘దానికి చదువు అబ్బలేదండీ’ అంటారు. అబ్బకపోవడం కాదు. ఎవరికీ పట్టకపోవడం.

కరోనా వల్లే ఇంత దిగజారిందని అంటారు. నిజమే. మరి కరోనాలో మనం చేసిందేమిటి? 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో టీవీ పాఠాలు మొదలుపెట్టారు. ఎవరికి? మూడో తరగతి నుంచి పైవాళ్ళకి. ఒకటి, రెండు తరగతుల పిల్లలకి అందులో ఏ పాఠమూ లేదు. వాళ్ళకి బడి తలుపులు మళ్ళీ తెరుచుకున్నది 2021 సెప్టెంబరు 1న. ఆ ఒకటో తరగతి పిల్లలే 2022లో మూడో తరగతిలో కూర్చుని, కథ చదవలేక తల దించుకున్న పిల్లలు. ఆ ఏడాదంతా వాళ్ళకి ఇల్లే బడి. ఆ ఇంటికి ప్రభుత్వం ఏం ఇచ్చింది? బడి ఏం చెప్పింది? అయిదారేళ్ళ పిల్లతో ఇంట్లో రోజూ ఏం చేయాలో, ఎలా కూర్చోవాలో ఒక్క కాగితం మీద రాసి ఇచ్చిన వాళ్ళు ఎందరు? ఇంటిని బడికి తోడు చేసుకోవాలన్న ఆలోచనే మనకి లేదని ఆనాడే బయటపడింది. ఈనాటికీ లేదు. 2024 నాటికి దేశం మొత్తం మీద పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగిన వాళ్ళు 27.1 శాతానికి చేరారు. అంటే కోలుకున్నామని చెప్పుకుంటున్న ఏడాదిలో కూడా నలుగురిలో దాదాపు ముగ్గురికి ఆ కథ చదవడం రాదు.

ఈ సర్వేలో నన్ను కలచివేసే సంగతి మరొకటి ఉంది. సర్వే వాళ్ళు బడికి వెళ్ళి పరీక్ష పెట్టరు, ఇంటికే వస్తారు. అరుగు మీదో, చెట్టు కిందో పిల్లని కూర్చోబెట్టుకుని ముందు అక్షరాలు, తర్వాత మాటలు, నాలుగు వాక్యాల పేరా, చివరికి కథ చూపిస్తారు. అలా ఒక వాకిట్లో ఒక పిల్లవాడిని చదివిస్తుంటే నేను చూశాను. మూడో తరగతి, పక్క టౌనులో ప్రైవేటు బడి. ‘చెట్టు’ అన్న మాట దగ్గర ఆగాడు. వేలు పెట్టి, ‘చ కు ఎత్వమిస్తే చె, ట కు కొమ్మిస్తే టు, ట కింద ట వత్తిస్తే...’ అని పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. అంతా చెప్పేసరికి మొదటి అక్షరం మరిచిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మూడుసార్లు. వాడు కూర్చున్నది వేపచెట్టు కింద. ఆ మాట వాడి నోటికి రాలేదు.

వాళ్ళ నాన్న గడపలో నిలబడి చూస్తున్నాడు. ముఖం పాలిపోయింది. ‘ఏడాదికి ముప్పై వేలు కడతన్నాం మేడం, వానికి చదివేది రాదా?’ అన్నాడు. అది ప్రశ్న కాదు, నమ్మలేకపోవడం. ఆ పిల్లవాడు పుట్టినప్పటినుంచీ ఆ ఇంట్లోనే ఉన్నాడు. మూడేళ్ళుగా సంచీ మోసుకుని బడికి పోయి వస్తున్నాడు. ఆ మూడేళ్ళలో ఒక్క సాయంత్రం, ఒక్కటంటే ఒక్క సాయంత్రం, ఎవరైనా పక్కన కూర్చుని ‘ఏదీ, ఈ నాలుగు లైన్లు చదువు నాయనా’ అని ఉంటే, ఎవరో ఊరుకాని ఊరి నుంచి వచ్చిన సర్వే మనిషి చెప్పేదాకా ఆగాల్సిన పని ఉండేది కాదు.

బడి ఒక్కటే ఎందుకు సరిపోదో చెబుతాను, వినండి. ముప్పై మంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడ్. పాఠం చెప్పకుండా, బోర్డు మీద రాయకుండా, హాజరు వేయకుండా, ఆ నలభై నిమిషాలూ ఒక్కొక్కరి చేతే చదివించినా ఒక్కో పిల్లకి వచ్చేది నిమిషమున్నర కూడా కాదు. ఇక ఒకరో ఇద్దరో టీచర్లు అయిదు తరగతులు చూసే బడి అయితే అదీ లేదు. ఇటు ఒకటో తరగతి వాళ్ళు పలక మీద దిద్దుతుంటే అటు అయిదో తరగతికి భిన్నాలు చెప్పాలి. తెలుగు అక్షరాలు, ఒక్కో అక్షరానికి గుణింతం, ఆ కింద ఒత్తులు. ఇన్ని గుర్తులు పిల్ల కంటికి పట్టి, చూడగానే మాటగా పలకాలంటే రోజూ కాస్త కాస్త గట్టిగా చదవాలి. చదువుతుంటే ఎవరో ఒకరు వినాలి. ఆ వినేవాళ్ళు తరగతిలో చాలరు. ఇంట్లో ఉన్నారు. రోజుకి పది నిమిషాలు, వారానికి ఆరు రోజులు వింటే గంట. తరగతి గదిలో ఒక పిల్లకి వారం మొత్తంలో దొరకని గంట అది. డబ్బు ఖర్చు లేదు, ట్యూషన్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. అయినా ఆ గంట పిల్లకి దక్కట్లేదు. నా కోపమంతా అక్కడే.

‘ఇంట్లో చదివించే వాళ్ళు లేరు.’ ఈ మాట మా స్టాఫ్ రూముల్లో వినపడుతుంది, మండల స్థాయి సమీక్షల్లో వినపడుతుంది, శిక్షణా తరగతుల్లో వినపడుతుంది. పిల్ల వెనకబడితే మొదట రాసే కారణం ఇదే. తల్లిదండ్రులు నిరక్షరాస్యులు, కూలీలు. అక్కడితో ఫైలు మూసేస్తారు. అసలు ఆ తల్లికి ఏం వచ్చో ఎవరైనా అడిగారా?

నేను పనిచేసేది కర్నూలు జిల్లా పడమటి ప్రాంతంలో. మా బడికి వచ్చిన ఒక తల్లి సంగతి చెబుతాను. తల్లిదండ్రుల సమావేశానికి రమ్మంటే వచ్చి గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రా అమ్మా అంటే, ‘నేను ఏలిముద్ర దాన్ని మేడం, నాకేం తెలుస్తాది? మీరే రెండేసి చెప్పండి దానికి’ అంది. కూతురు మూడో తరగతి. నలభై రెండులోంచి పదిహేడు తీసేయమంటే ఆ పిల్ల వేళ్ళు ముడుచుకుని గోడ వంక చూస్తుంది. అదే రోజు, అదే గుమ్మంలో, పక్కన నిలబడ్డ ఇంకొకామె పొదుపు సంఘం అప్పు మాట ఎత్తింది. ఈ తల్లి టక్కున చెప్పింది: ‘ముప్పై వేలకు నూటికి రూపాయి లెక్కన మూడొందలు వడ్డీ, అసలు పదిహేనొందలు, పద్దెనిమిదొందలు కట్టల్ల. నువ్వు రెండు వేలిచ్చినావు, రెండొందలు తిరిగి తీసుకో.’ కాగితం లేదు, పెన్ను లేదు. కన్ను ఆర్పే లోపల చెప్పేసింది.

ఆ తల్లికి తీసివేత రాదా? నూటికి ఎంత అన్నది రాదా? ఆమె దగ్గర ఉన్న లెక్క ఆమె కూతురికి చేరకుండా అడ్డం పడిందెవరు? ఆమెకి ఏమీ రాదని, ఇంటి దగ్గర ఆమె చేయగలిగిందేమీ లేదని, చదువంటే పుస్తకమూ పెన్నూ టీచరూ మాత్రమేనని ఆమె చేత నమ్మించిందెవరు? బడి నమ్మించింది. చదువుకున్న సమాజం నమ్మించింది. ఏ సమావేశంలోనూ ఎవరూ ఆమెతో, ‘అమ్మా, నీ సంఘం లెక్క ఈ పిల్ల చేత చెప్పించు. కూలి డబ్బులు రోజూ దీని చేత ఎంచించు. అంగట్లో చిల్లర దీని చేతే తెప్పించు’ అని చెప్పలేదు. ఆమెని కూర్చోబెట్టి సంతకం బదులు వేలిముద్ర వేయించుకున్నారు, పంపేశారు.

ఇది మూగ ఇళ్ళ దేశం కాదు. మన అవ్వలకి పొడుపు కథలు వచ్చు. సామెతలు వచ్చు. ఏడు చేపల కథ రాని ముసలమ్మ మన ఊళ్ళలో ఉందా? వామనగుంటలు ఆడినప్పుడు గింజలు పంచడం, కూడడం, మిగిలినవి ఎంచడం అంతా లెక్కే. అష్టాచెమ్మా గవ్వలు లెక్కే. మాటలు ఎన్ని తెలిస్తే చదవడం అంత తేలిక అన్నది పిల్లల చదువు గురించి తెలిసిన వాళ్ళంతా ఒప్పుకునే సంగతి. ఆ మాటల గాదె ఇంట్లో ఉంది. దానికి బడి తాళం వేసింది.

ఆ తాళం పేరు చెబుతాను. ‘ఇంట్లో పిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడండి.’ ఎల్కేజీలో చేర్చిన రోజునే తల్లిదండ్రులకి ఇచ్చే సలహా ఇది. ఇంగ్లీషు రాని తల్లి ఏం చేస్తుంది? మాట్లాడడం మానేస్తుంది. మానేస్తోంది. ‘కమ్’, ‘గో’, ‘ఈట్’, ‘స్లీప్’ అన్న నాలుగు ముక్కలతో ఒక పిల్ల బాల్యం గడిచిపోతోంది. చింతచెట్టు చిగురు ఎందుకు పుల్లగా ఉంటుందని అడిగితే చెప్పే అమ్మ నోరు మూసుకుంది, చెబితే తెలుగులో చెప్పాలని భయం. ఇది చదువు పేరుతో చేస్తున్న నేరం. ఆలోచన నేర్చుకునేది అమ్మ మాటలో. ఆ మాట గట్టిపడితే దాని మీద ఇంగ్లీషు నిలబడుతుంది. అది లేకపోతే ఇంగ్లీషూ నిలబడదు. 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైనంత వరకు కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధన ఉండాలని చెప్పింది. ఎవరు విన్నారు?

సర్కారు బడి పిల్లల చేతిలో ఒక మంచి సాధనం ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ప్రాథమిక తరగతుల లెక్కలు, పరిసరాల పుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ అదే పాఠం తెలుగు. అయిదో తరగతి దాకా చదివి మానేసిన తల్లి కూడా ఆ తెలుగు పేజీ చదివి పిల్లకి పాఠం అర్థమయ్యేలా చెప్పగలదు. కోట్లు ఖర్చు పెట్టి అచ్చువేశారు. మరి ‘అమ్మా, తెలుగు పేజీ నీ కోసం, ఇంగ్లీషు పేజీ పిల్ల కోసం, ఇద్దరూ కలిసి చదవండి’ అని తల్లికి చెప్పిన వాళ్ళు ఎవరు? చాలా ఇళ్ళలో ఆ పుస్తకం సంచీలోంచి బయటికే రాదు.

ఇక హోంవర్కు. స్కూలు బ్యాగుల విధానం 2020 ప్రకారం రెండో తరగతి దాకా ఏ హోంవర్కూ ఇవ్వకూడదు. మూడు నుంచి అయిదు వరకు వారానికి రెండు గంటలు మించకూడదు. ఈ మాట తెలిసిన తల్లిదండ్రులు ఎందరు? ప్రైవేటు బళ్ళలో ఎల్కేజీ పిల్ల రోజూ రెండు పేజీలు, మూడు పేజీలు రాస్తోంది. పెన్సిలు పట్టే వేళ్ళు ఇంకా గట్టిపడని వయసులో వన్ టు హండ్రెడ్ రాస్తోంది. ఏడుస్తూ రాస్తోంది. రాయలేక నిద్రపోతే అమ్మ రాసిపెడుతోంది. ఎడమ చేత్తో రాసి పిల్ల రాతలా కనపడేట్టు చేస్తున్న తల్లులున్నారు. డైరీలో సంతకం పడుతుంది, టీచరు టిక్కు పెడుతుంది. అందరి పనీ అయిపోయింది, పిల్ల చదువు తప్ప.

చదువుకున్న ఇళ్ళ మీద నాకు ఇంకా ఎక్కువ కోపం ఉంది. అక్షరం రాని తల్లికి ఎవరూ చెప్పలేదన్న సాకుంది. మీకేముంది? డిగ్రీలు ఉన్నాయి, ఉద్యోగాలు ఉన్నాయి. పిల్ల నాలుగింటికి ఇంటికి వస్తే అయిదింటికి ట్యూషన్‌కి పంపుతారు. ఏడున్నరకి వస్తే చేతికి ఫోన్ ఇచ్చి అన్నం తినిపిస్తారు. తొమ్మిదికి పడుకోబెడతారు. ఆరేళ్ళ పిల్లకి ట్యూషన్ ఎందుకని అడిగితే, ‘మా మాట వినదండీ, ట్యూషన్ మిస్ అంటే భయం’ అంటారు. మీ మాట వినకపోవడం కాదు. దానితో కూర్చునే ఓపిక మీకు లేదు. మార్కులొచ్చిన రోజు మాత్రం తొంభై ఎనిమిది ఎందుకు వచ్చింది, ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయని కళ్ళెర్రజేస్తారు. ‘ఇవాళ బళ్ళో ఏం చెప్పారు? నీకేం నచ్చింది? ఏది అర్థం కాలేదు?’ ఈ మూడు ప్రశ్నలు అడగడానికి ఎంత సేపు పడుతుంది?

నాన్నల సంగతి వేరే చెప్పాలి. ‘చదువు సంగతి వాళ్ళమ్మ చూసుకుంటుంది మేడం, నేను ఫీజు కడతాను.’ ఫీజు కట్టడంతో తండ్రి పని అయిపోయిందని ఎవరు చెప్పారు? పొలంలో ఎకరానికి ఎన్ని బస్తాలు, డీజిలు ఎన్ని లీటర్లు, మేస్త్రీ పనిలో గోడకి ఎన్ని ఇటుకలు, ఆటోకి కిలోమీటరుకి ఎంత అన్నది నాన్నకి తెలిసినంత బాగా ఏ టీచరుకీ తెలియదు. పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ లెక్క చెప్పడానికి చదువు రావాల్సిన పని లేదు. మనసు రావాలి.

ఇప్పుడు ప్రభుత్వాల వంతు. విద్యాహక్కు చట్టం 2009లో 24వ సెక్షన్ టీచరు పనుల్లో ఒకటిగా దీన్ని రాసింది: తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశం కావాలి, పిల్ల హాజరు ఎలా ఉంది, నేర్చుకునే శక్తి ఎలా ఉంది, ఎంతవరకు వచ్చింది అన్నది వాళ్ళకి తెలియజేయాలి. దయ కాదు, చట్టం. 21వ సెక్షన్ ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఆ కమిటీ తీర్మానాల పుస్తకం తీసి చూడండి. సున్నం, ప్రహరీ గోడ, మోటారు రిపేరు. పిల్లలు చదవగలుగుతున్నారా అన్న తీర్మానం ఎన్ని పుస్తకాల్లో కనపడుతుంది?

ఆంధ్రలో 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. ఎన్నడూ గేటు దాటని తల్లులు లోపలికి వచ్చారు, మంచిదే. కానీ పిల్ల ఏడాదికి ఒక పండగ రోజున పెరగదు. ఆ మర్నాడు ఆ తల్లి ఇంట్లో ఏం చేయాలి? వచ్చే నెల ఎవరు అడుగుతారు? పిల్లని బడికి పంపే తల్లి ఖాతాలో డబ్బు వేసే ‘అమ్మ ఒడి’ వచ్చింది, ‘తల్లికి వందనం’ వచ్చింది. పేద ఇంటికి ఆ డబ్బు కావాలి, ఎవరూ కాదనరు. అయితే తల్లి బ్యాంకు ఖాతా నెంబరు, ఆధార్ లింకు ఎన్నిసార్లు అడిగామో, అందులో పదో వంతు సార్లయినా ‘రోజూ పది నిమిషాలు పిల్ల చదువుతుంటే విను తల్లీ’ అని చెప్పి ఉంటే పరిస్థితి ఇలా ఉండేది కాదు. 2021 జూలైలో కేంద్రం ‘నిపుణ్ భారత్’ ప్రకటించింది. 2026–27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి పిల్లకీ అర్థం చేసుకుంటూ చదవడం, మామూలు లెక్కలు చేయడం రావాలని లక్ష్యం. గడువు నెత్తి మీదకి వచ్చింది. పోస్టర్లు గోడలకి ఉన్నాయి. ఇళ్ళకి చేరలేదు.

2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి కుటుంబ సర్వే చేశారు. ప్రాథమిక బడి టీచర్లని పంపి, ఆ రోజుల్లో బడులు ఒంటిపూట నడిపారు. ఆ సర్వే అవసరం అయి ఉండవచ్చు. కానీ ఆలోచించండి. ఒక టీచరు తన పిల్లల ప్రతి ఇంటి గడపా తొక్కే అవకాశం ఎప్పుడో గానీ రాదు. ఆ గడపలో కూర్చుని కులం రాశారు, ఆస్తులు రాశారు, ఎవరు ఏం చదివారో రాశారు. ఆ ఇంటి పిల్లని పక్కన కూర్చోబెట్టి ‘ఏదీ, ఇది చదువమ్మా’ అని అమ్మ ముందు చదివించడానికి మాత్రం తీరిక లేదు. మిగతా రోజుల్లో టీచర్లం హాజరు, భోజనం వివరాలు యాప్‌లో ఎక్కించాలి. పిల్ల ఇల్లు ఎక్కడుందో తెలుసుకోమని మాత్రం ఏ యాప్ మమ్మల్ని అడగదు.

మా కర్నూలు పడమటి ప్రాంతంలో ఇంకో ఘోరం ఉంది. కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు పల్లెల నుంచి పత్తికీ మిర్చికీ గుంటూరు వైపు వలసలు పోతారు. ఆటోల్లో, లారీల్లో మూటలు కట్టుకుని పోతారు. పిల్లలు కొందరు వాళ్ళతోనే పోతారు, పొలం గట్ల మీద తమ్ముళ్ళని ఎత్తుకుని తిరుగుతారు. కొందరు ఊళ్ళో అవ్వ దగ్గర మిగులుతారు. నెలల తరబడి బడి రిజిస్టరులో గైర్హాజరు పడుతుంది. ఈ ఇంటిని ‘శ్రద్ధ లేని తల్లిదండ్రులు’ అనడానికి నోరెలా వస్తుంది? కడుపు కోసం పోయిన వాళ్ళని నిందించను. ఏటా అదే నెలల్లో, అవే ఊళ్ళ నుంచి, అవే ఊళ్ళకి పోతారని అందరికీ తెలుసు. సీజనల్ హాస్టళ్ళు వేళకి తెరవని వాళ్ళని నిందిస్తాను. వెళ్ళే పిల్ల సంచీలో రెండు కథల పుస్తకాలు పెట్టి, వారానికోసారి ఫోన్‌లో చదివించుకోమని టీచరుకి చెప్పని వ్యవస్థని నిందిస్తాను. ఊళ్ళో మిగిలిన అవ్వ దగ్గరికి పోయి ‘రాత్రికి ఒక కథ చెప్పవ్వా, వాడు చదివితే వినవ్వా’ అని అడగని ఉదాసీనతని నిందిస్తాను.

ఇది చేస్తే ఫలితం ఉంటుందా అని అడిగే వాళ్ళకి ఒక మాట. బిహార్, రాజస్థాన్ పల్లెల్లో పెద్దగా చదువుకోని తల్లులకి అక్షరాలు నేర్పి, పిల్లలతో ఇంట్లో చేయాల్సిన చిన్న చిన్న పనులు వారం వారం చూపించి పరిశోధకులు ప్రయోగం చేశారు. పిల్లల లెక్కల్లో మెరుగు కనిపించింది. పెద్దదేం కాదు, కానీ నిజమైనది. కోట్ల భవనం కట్టక్కర్లేకుండా, తల్లి చేతిలోనే పుట్టిన మెరుగు అది.

అమ్మా, నాన్నా, అవ్వా, తాతా, మీరు చేయాల్సింది ఇది. రోజూ పది నిమిషాలు పిల్లని పక్కన కూర్చోబెట్టుకోండి. వాచకం తీసి గట్టిగా చదవమనండి. లైను కింద వేలు పెట్టమనండి. తప్పు చదివితే తిట్టకండి, మళ్ళీ చదవమనండి. మీకు అక్షరం రాకపోయినా సరే, పిల్ల ఎక్కడ ఆగిందో, ఎక్కడ తడబడిందో మీ చెవికి తెలుస్తుంది. చదివాక ఆ కథేమిటో దాని సొంత మాటల్లో చెప్పమనండి. మీ తెలుగులోనే మాట్లాడండి, మీ యాసలోనే మాట్లాడండి. రేషన్ షాపుకీ అంగడికీ తీసుకుపోయి లెక్క పిల్ల చేతే కట్టించండి. ఇంట్లో ఫోన్ ఉంటే అందులో ‘స్టోరీవీవర్’లో ఉచితంగా తెలుగు పిల్లల కథలు ఉన్నాయి, రీల్స్ కట్టేసి అవి తెరవండి. హైదరాబాద్‌లో ‘మంచి పుస్తకం’ వాళ్ళు తక్కువ ధరకి చిన్న పిల్లల పుస్తకాలు వేస్తున్నారు. ఒక చిప్స్ ప్యాకెట్ మానేస్తే ఆ డబ్బు పుస్తకానికి పనికొస్తుంది.

టీచర్లకీ ఒక మాట, నాతో సహా అందరికీ. తల్లి బడికి వస్తే నిలబెట్టి పిల్ల మీద ఫిర్యాదులు చెప్పడం మానండి. కూర్చోబెట్టండి. పిల్ల చేత ఆమె ముందు చదివించి, ఇంట్లో ఎలా వినాలో చేసి చూపించండి. ఒకటి, రెండు తరగతుల పిల్లలకి రాత హోంవర్కు ఆపండి. అధికారులారా, మీరు బడికి వచ్చినప్పుడు రిజిస్టర్లు చూసే ముందు ముగ్గురు పిల్లల్ని పిలిచి చదివించండి, తర్వాత ఆ పిల్లల ఇళ్ళకి నడవండి.

తల్లిదండ్రులారా, ఈ రాత్రే మీ పిల్లని చదవమనండి. చదవగలిగితే సంతోషించండి. చదవలేకపోతే రేపు పొద్దున్నే బడికి రండి. గుమ్మం బయట నిలబడకండి, లోపలికి రండి. ‘మా పిల్లకి చదవడం ఎందుకు రాలేదు? మేం ఇంట్లో ఏం చేయాలి?’ అని మమ్మల్ని నిలదీయండి. జవాబు చెప్పడం మా బాధ్యత. అడగడం మీ హక్కు. ఇన్నాళ్ళూ మీరు అడగలేదు కాబట్టే మేమంతా ఇంత నిశ్చింతగా ఉన్నాం.